మస్కట్ మంచుగడ్డపై మంకీ టోపీ మహాసమరము

స్వస్తి! సర్వధారి నామ సంవత్సరమున, దక్షిణాయనమున, వర్షర్తువున (వర్షర్తువని పంచాంగము చెప్పుచున్నది గనుక నేనును చెప్పుచున్నాను గాని, మస్కట్ నగరమున ఆ నెలలో మేఘుడు ఒక్క చినుకు రాల్చిన పాపమున పోలేదు), శ్రావణ శుద్ధ సప్తమీ శుక్రవారమున, అనగా రెండువేల ఎనిమిది ఆగస్టు ఎనిమిదవ నాటి మధ్యాహ్నమున, ప్రచండ మార్తాండ కిరణ పరంపరలకు నల్లకొండలు పెనములై కాగుచుండ, సముద్రపు గాలి సైతము ఇస్త్రీపెట్టెలోనుండి వెడలినట్లు వీచుచుండ, స్టీరింగు ముట్టనేరక మహామహులు చేతులకు తువ్వాళ్ళు చుట్టుకొని కార్లు నడుపుచుండ, నలుబదియారు డిగ్రీల ఆ అగ్నిగుండము నడుమ, నగరపు పొలిమేరలో, రేకుల పైకప్పు గల ఒకానొక భవనములో, గంగన్న అను వీరుడు చలికి గజగజ వణకుచుండెను.

శ్రోతలారా, మీరు సరిగానే వింటిరి. చలికే.

హిమాధిదేవతా! కంప్రెసరు గర్భమున గుర్రుగుర్రుమను తల్లీ! ముప్పది రాగి గొట్టములలో ప్రవహించు శీతలస్వరూపిణీ! ఈ కథ ముగియువరకు నా గొంతు గడ్డకట్టకుండ కాపాడుము. కరెంటు పోకుండ కూడ చూచుకొనుము, ఏలనన కరెంటు పోయినచో కథాస్థలమే నీరుగారిపోవును.

గంగన్నది జగిత్యాల దిక్కు. ఒమాను లోపలి ఊరైన ఇబ్రాలో ఒక కంపెనీ బిల్డింగు సైటుమీద సెంట్రింగు పనికని వచ్చెను. ఆ కంపెనీకి ఇబ్రాలో సైట్లు, మత్రా రేవు దగ్గర గడ్డకట్టిన కోళ్ళ కోల్డ్ స్టోరేజీ, మస్కట్‌లో ఈ మంచు మైదానము కలవు. మైదానమున మనిషి తక్కువైనాడని సైటునుండి గంగన్నను ఎత్తి ఇచ్చట వేసిరి. నిన్నటివరకు ఎండకు మాడినవాడు మరునాటినుండి మంచుకు బిగిసెను. ఆయన ఆయుధములు మూడు: మూరెడు వెడల్పు ఇనుప పార, వేడినీళ్ళ బకెట్టు, గమ్‌బూట్లు. ఆటగాళ్ళు గీరి పాడుచేసిన మంచుపొడిని పారతో తోసి, గుంతలలో నీరు పోసి, మైదానమును అద్దమువలె చేయుట ఆయన డ్యూటీ. ఎనిమిది నెలలుగా ఆ మంచుపై ఆయన కన్నుగప్పి చూయింగు గమ్ము ముక్క కూడ పడియుండలేదు. నల్లగా ఏది కనపడినను ఆయన చేయి దానంతట అదే పోయి తీసి జేబులో వేసికొనెడిది.

ఆ మంచుపై ఐస్ హాకీ ఆడు జట్టు పేరు మస్కట్ ఖంజర్స్, అనగా మస్కట్ బాకులు. జీతములు పుచ్చుకొని ఆడు నాలుగు గల్ఫు జట్లలో ఇది నాలుగవది. ఆట సంగతి రెండు ముక్కలలో చెప్పెద. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు, కాళ్ళకు కత్తుల బూట్లు, చేతుల వంకర కర్రలు, నడుమ అరచేతి వెడల్పు నల్లని రబ్బరు బిళ్ళ. ఐదుగురు పరుగెత్తెదరు. ఆరవవాడు గోల్‌కీపరు. పరుపులు కట్టుకొని, ఇనుప జాలీ ముసుగు తొడిగికొని, వలముందు నిలిచి, బిళ్ళకు అడ్డుపడును. ఇంతే.

ఇట్టి జట్టుకు మేనేజరెవ్వరు? వినుడు! కుక్కుటకోటి శీతలీకరణ ధురంధరుడు, కార్టన్ల కార్తవీర్యుడు, స్టాకు రిజిస్టరు సార్వభౌముడు, హైదరాబాదు చార్మినారు వాస్తవ్యుడు, ఎహసాన్ సాబు! పన్నెండేండ్లు మత్రా కోల్డ్ స్టోరేజీని ఏలినవాడు. మంచు మైదానము కట్టించిన నాడు కంపెనీ యజమానియైన అర్బాబు, మనలో మంచు తెలిసినవాడెవడని అడుగగా, అందరును ఎహసాన్ సాబు వంక చూచిరి. ఆ చూపులతోనే నియామకము జరిగిపోయెను.

ఎహసాన్ సాబు హాకీ ఎన్నడును చూచి ఎరుగడు. అయినను జంకలేదు. "ఐస్ అంటే ఐస్. దాని మీద కోడిని పెట్టినా గంతే, మనిషిని పెట్టినా గంతే" అని మొదటి దినముననే ప్రకటించి, కోళ్ళ శాస్త్రమును జట్టుకు పొల్లుపోకుండ అన్వయించెను. పాత సరుకు ముందు పోవలెనన్నది గోదాము నియమము. కావున జట్టులో అందరికన్న ముసలివారిని అందరికన్న ముందు మంచుపైకి దింపుచుండెను. మోకాళ్ళు అరిగిన నలుబదియొక్క ఏండ్ల యోధుడు మొదటి నిమిషముననే పడకేయగా, "చూసిండ్రా, డేట్ అయిపోయే ముందే వాడేసినం" అని సంతసించెను. ఆటగాడిని కొనవలెనన్న మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఎన్ని కిలోలు?

ఇక మూడవ నియమము. ఇదియే మన కథకు మూలము. పూర్వమొకప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఎవడో టోపీ క్రింద కోడిని పెట్టుకొని పోయెనట. నాటినుండి సాబు రాజ్యమున డ్యూటీలో సొంత టోపీ నిషిద్ధము. మంచు మైదానమున దొంగిలించుటకు కోళ్ళు లేవే అని ఓంకారు అనువాడు, గంగన్నకు జోడీగా పార పట్టు నిజామాబాదు పిల్లగాడు, ఒకసారి ధైర్యము చేసి అడిగెను. సాబు వానివంక జాలిగా చూచి, "కోళ్ళు లేవు, కరెక్టే. రూల్ ఉన్నది గద" అనెను.

గంగన్న బాధ చెవులది. ఎనిమిది నెలల చలికి ఆ రెండు చెవులు, అందును ముఖ్యముగా ఎడమది, లోపల సూదులు గుచ్చినట్లు గుంజుచుండినవి, మాటయు సరిగా పట్టుటలేదు. శుక్రవారము వచ్చినచో ఇంటికి ఫోను చేయును. ఫోను ఎడమ చెవికి ఆనించలేడు, కుడి చెవికి మార్చినను అంతే. పది నిమిషముల కార్డులో నాలుగు నిమిషములు "ఆఁ? ఏందీ?" అనుటకే సరిపోవుచుండెను. ఒక శుక్రవారము ఆయన కూతురు వాణి, ఒకటవ తరగతి, రెండవ ఎక్కము నోటికి నేర్చుకొని నాయనకు అప్పజెప్పినది. రెండెనిమిదులు పదహారు వరకు వినిపించెను. ఆపైన చెవి బిగిసెను. అంతలో కార్డు అయిపోయెను. అటుపిమ్మట రెండు శుక్రవారములు పిల్ల మరల చెప్పినది, మరల పదహారు దగ్గరనే ఆగినది. మూడవసారి అలిగినది. నీకు ఇనబుద్ది అయితలేదు, నేను చెప్ప పో, అనెను. గంగన్నకు చాల దుఃఖము కలిగెను. ఆయన ఏడ్చెనని ఓంకారు చెప్పును, చలికి కన్నీరు వచ్చెనని గంగన్న చెప్పును.

చెవులు మూసికొనుటకు ఏమైన దొరకునాయని మత్రా బజారు మొత్తము తిరిగెను. జూలైలో ఉన్ని టోపీ అడిగిన మనిషిని గుజరాతీ సేటు ఎగాదిగా చూచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తరువాత ఒమాను కుమ్మా టోపీ చూపెను. చక్కని కుట్టుపని. గాలి ఆడుటకు చుట్టూర వందల సన్నని రంధ్రములు. గంగన్న దానిని నెత్తిపై పెట్టి చూచి, చెవులు బయటనే యుండుట గ్రహించి, తిరిగి ఇచ్చివేసెను. ఇక ఇంటికే చెప్పవలసివచ్చెను.

"మంకీ టోపీనా?" అనెను ఆయన భార్య గౌరవ్వ ఫోనులో. "మస్కట్‌ల మంకీ టోపీ ఏందయ్యా? పోయినేడు ఎండకు సచ్చిపోతున్ననంటివి. నీకు జరమొచ్చింది గద? నాతోని దాస్తున్నవు గద?"

"జరం గాదే. సైటు మారిందంటిని గద, ఈడ ఐసుల పని."

"ఎడారిల ఐసా? అయ్యో, పాపం, జరం నెత్తికెక్కింది!"

అంతే. ఊరు ఊరంతయు గంగన్నకు సన్నిపాతమని పొక్కెను. నలుగురు పరామర్శకు వచ్చిరి. ఆ వారమే సెలవునుండి తిరిగి వచ్చుచున్న భూమయ్య, ఇబ్రా సైటు మేస్త్రీ, ఒక మూట తెచ్చి గంగన్న చేతిలో పెట్టెను. అందులో జరపు గోళీలు రెండు పట్టీలు, జండూ బామ్ సీసా, ఎల్లమ్మ గుడి బండారి పసుపు పొట్లము, వీటన్నింటి అడుగున, ముదురు గోధుమ రంగు, మెడవరకు దిగునది, కన్నులకు మాత్రమే కిటికీ కలది, నెత్తిన ఎర్రని కుచ్చు గలది, ఒక మంకీ టోపీ!

దానిని ధరించి గంగన్న మంచుపై నిలిచిన వైభవమును నేను ఎట్లు వర్ణింతును! కర్ణద్వయ సంరక్షణ దక్షమై, కంఠనాళ పరివేష్టితమై, ఊర్ణాతంతు నిర్మితమైన ఆ శిరస్త్రాణమున ఆయన వదనము పావుగంట సేపు వెలిగిపోయెను. పావుగంట సేపే. ఎహసాన్ సాబు వచ్చెను, చూచెను, చేయి చాచెను. టోపీ ఆయన టేబులు సొరుగులోనికి పోయెను. తాళము పడెను. తాళపుచెవి సాబు జేబులోనికి పోయెను. ఇది టోపీహరణ ఘట్టము. దీనిని చదివినవారికి జలుబు చేయును గనుక త్వరగా దాటిపోవుదము.

టోపీ సొరుగున మగ్గుచుండగనే సాబు తన పాలనలో మకుటాయమానమగు నిర్ణయము తీసికొనెను. ఖంజర్సుకు స్వీడను దేశపు టోర్‌స్టెన్ అను గోల్‌కీపరుండెను. జట్టు ప్రతి ఆటలోను ఓడిపోయినను, ఆరేడు గోల్సుకు మించకుండ ఆపుచున్నవాడు ఆయన ఒక్కడే. ఒకనాడు సాబు ఆట చూచుచు, అందరు పరుగెత్తుచుండగా ఈయన ఒక్కచోటనే నిలుచుండుట గమనించెను. మరునాడు జట్టునంతటిని, పారవారితో సహా, పిలిపించి, రివాల్వింగు కుర్చీనుండి లేచి, మేఘగంభీర స్వరముతో ఇట్లు ఉపన్యసించెను.

"సునో! గోల్‌కీపర్ అంటే ఏంది? అందరు ఉర్కుతుంటే ఒక్క జాగాల నిలబడి చూసేటోడు. మన గోదాంల గిట్ల నిలబడేటోన్ని ఏమంటం? వాచ్‌మన్ అంటం. వాచ్‌మన్‌ని స్వీడన్ నుంచి తెప్పిస్తరా ఎవరన్నా? అందుకే, వాణ్ని దుబాయి వాళ్ళకు ఇచ్చేసిన. బదల్‌ల ఇద్దరు ఉర్కేటోళ్ళను తీస్కున్న. ఒకడు నూట నాలుగు కిలోలు, ఇంకొకడు తొంభై ఎనిమిది. ఎనభై ఒక్క కిలోలు ఇచ్చి రెండు వందల రెండు కిలోలు తెచ్చిన! చప్పట్లు కొట్టుండ్రి!"

చప్పట్లు ఒక్క ఓంకారే కొట్టెను. అదియు చేతులు వేడెక్కుటకు.

ఇట్లుండ ఆ శుక్రవారము వచ్చెను. దుబాయి జట్టు బస్సు దిగెను. మైదానము కట్టించిననాటినుండి ఒక్క ఆటయు చూడని అర్బాబు, తెల్లని దుస్తులలో, కుటుంబ సమేతముగా వచ్చి ముందువరుసలో ఆసీనుడయ్యెను. వారింట పనిచేయు హసీనా, కడప మనిషి, అర్బాబు చిన్న కూతురును ఒడిలో పెట్టుకొని, ఖర్జూరముల గిన్నెతో ప్రక్కన కూర్చుండెను. రెఫరీ వచ్చి ఇరుజట్లను చూచి, "మీ గోల్‌కీపరు ఎవరు?" అని సాబును అడిగెను.

"లేడు. అవసరం లేదు."

గోల్‌కీపరు వేషములో ఒకడు లేనిదే ఆట మొదలుపెట్టనని, పది నిమిషములలో తేలవలెనని, లేనిచో ఇంతమందిని ఇంటికి పంపి తాను కూడ పోవుదునని రెఫరీ చెప్పెను. సాబు ముఖము కోల్డ్ స్టోరేజీ రంగునకు తిరిగెను. వెనుకకు చూచెను. అర్బాబు చిరునవ్వుతో చేయి ఊపెను. ఆటగాళ్ళను బ్రతిమాలెను. బిళ్ళకు ఎదురు నిలుచుటకు ఒక్కడును ఒప్పుకొనలేదు. నూట నాలుగు కిలోలవాడు ఆ పరుపులలో పట్టనే పట్టలేదు. తొంబదియెనిమిదివాడు వీసా రాక దుబాయిలోనే ఉండెను. సాబు చూపు చివరకు పార పట్టుకొని మూలన వణకుచున్న గంగన్నపై పడెను.

"గంగన్నా, ఇటు రా! కాళ్ళు చేతులు కదపక్కర్లే. నిలబడు, చాలు. వాచ్‌మన్ డ్యూటీ."

గంగన్న టోర్‌స్టెన్ వదిలిన కవచమువంక చూచెను. ఎదకు పరుపు. కాళ్ళకు పరుపు. చేతులకు పెద్ద తొడుగులు. ముసుగు, దాని లోపల మెత్తని దూది అస్తరు, ఆ అస్తరు రెండు ప్రక్కల, కచ్చితముగా చెవులుండుచోట, ఇంకొంచెము లావు. అప్పుడు ఆ వీరుని హృదయాంతరాళమున ఇట్టి మహావాక్యములు ఉప్పొంగినవి: "ఓరీ కుక్కుటాధ్యక్షా! నా శిరస్త్రాణమును సొరుగుచెరలో బంధించి, నేడు నన్నే శరణు జొచ్చితివా! విడిపింపుము దానిని! లేనిచో ఈ వలను, ఈ జట్టును, నీ రివాల్వింగు కుర్చీని దిక్కులేనివిగా విడిచి పోయెదను!" పైకి మాత్రము, "సాబ్, నా టోపీ నాకిస్తనంటే నిలబడ్త" అనెను.

సాబు ఎంత ఆపదలోనైనను బేరము మానడు. "ఆట అయినంక ఇస్త. కానీ కార్టన్‌ల ఇరువై కోళ్ళు. ఇరువై నిండితే కార్టన్ సీల్. ఇరువై గోల్స్ అయినయంటే టోపీ నాదే. దానికంటె తక్కువైతే నీది."

"పెద్దమనుషుల ముంగట అను."

ఓంకారు ముందట, రెఫరీ ముందట సాబు అనెను. ముందువరుసనుండి హసీనాయు వినెను. ఒడంబడిక కుదిరెను.

ఇక మన వీరుని రథారోహణము! గోల్‌కీపరుకు కత్తుల బూట్లు తప్పనిసరియని రెఫరీ పట్టుపట్టెను. గంగన్న వాటిమీద జన్మలో నిలిచి ఎరుగడు. ఓంకారు ఆయనను వెనుకనుండి సిమెంటు ట్రాలీ వలె నెట్టుకొని పోయి, వలముందు నిలిపి, రెండు చేతులు వెనుకకు త్రిప్పి పైనున్న ఇనుప కడ్డీని పట్టించెను.

"అన్నా, ఇది ఇడ్వకు. ఇడ్సినవంటే అగో, ఆ గేటు దాంక జారుకుంట పోతవ్."

అదిగో, భేరీ మ్రోగినది! రెండు కర్రలు ఠక్కుమన్నవి. మంచుధూళి లేచినది. దుబాయి యోధులు ఐదుగురు, గాలిని చీల్చుకొనుచు, మంచును గీరుకొనుచు, వంకరకర్రలు ఝళిపించుచు, గంగన్న అను ఒకే ఒక మానవుని వంక దండెత్తి వచ్చిరి. మన ఖంజర్సు, పాత సరుకు ముందు అను నియమము చొప్పున ముసలివారితో మొదలుపెట్టి, మొదటి నిమిషముననే రొప్పుచుండిరి. నూట నాలుగు కిలోలవాడు అందుకొన్న వేగమును ఆపుకొనలేక గోడకు గ్రుద్దుకొనెను. గోడకు దెబ్బ తగిలెను. బిళ్ళ వచ్చెను. గంగన్న కన్నులు మూసికొనెను. వెనుక వల అదిరెను.

"ఒగటి!" అనెను హసీనా. అర్బాబు చిన్న కూతురికి గోలుకొక ఖర్జూరము పెట్టవలెనని ముందే ఒప్పందము. గింజ గిన్నెలో టంగుమని పడెను.

రెండు, మూడు, నాలుగు. బిళ్ళ ఎడమనుండి వచ్చెను, కుడినుండి వచ్చెను, కాళ్ళ సందునుండి దూరెను. కొన్ని గంగన్నకు తగిలి ఆగిపోయినవి. వాటిని ఆయన ఆపెననుట సరికాదు, అవి ఆయనను ఆపినవి. "అబ్బా" అనును, మరల కడ్డీ పట్టుకొనును. మొదటి ఇరువది నిమిషములు ముగియుసరికి ఏడు గింజలు. విరామమున పార పట్టు మనిషి లేడు. గోల్‌కీపరు తన పరుపులు విప్పకుండనే, ఒక చేయి ఓంకారు భుజముపై వేసి, ఇంకొక చేత పార తోయుచు, తన మంచును తానే చదును చేసికొనెను. ఆవలివైపు వలముందునుండి టోర్‌స్టెన్ ఇది చూచి కర్ర ఎత్తి నమస్కరించెను.

రెండవ భాగమున ఒక వింత జరిగెను. గంగన్న చెవులలో సూదులు ఆగినవి. టోపీ పెట్టిన ఆ పావుగంట తప్ప, ఎనిమిది నెలలలో మంచుపై మొదటిసారి ఆయన చెవులు వెచ్చబడినవి! ఆ అస్తరు పుణ్యమా అని కంప్రెసరు గుర్రుగుర్రు, కర్రల టకటక, సాబు తిట్లు, అన్నియు తేటగా వినపడినవి. గంగన్నకు పట్టరాని సంతోషము కలిగెను. తొమ్మిదవ గోలు పడినప్పుడు ఆయన ముసుగులో నవ్వుచుండెను. పదవదానికి ఏదో పాట కూనిరాగము తీయుచుండెను.

"నవ్వుతున్నవేంరా! టోపీ పోతది!" అని సాబు అరచెను. ఎంత విచిత్రము చూడుడు, తన జట్టు గెలుపు ఆశ వదులుకొని చాల సేపైనది గాని, బేరము మాత్రము ఆయన మరువలేదు.

ఆ కేకకు గంగన్న ఉలిక్కిపడి కడ్డీని గట్టిగా గుంజెను. వల మొత్తము ఆయనపైన బోర్లపడెను. అదే క్షణమున వచ్చిన బిళ్ళ వల ఉండవలసిన చోటునుండి సాఫీగా జారిపోయెను. రెఫరీ రెండు చేతులు అడ్డముగా ఊపి, వల కదిలినది గనుక ఇది గోలు కాదని తీర్పు చెప్పెను. హసీనా పాప నోటివరకు తెచ్చిన ఖర్జూరమును వెనుకకు తీసికొనగా ఆ పిల్ల ఏడ్చెను. సాబు మాత్రము తల వంచుకొని తన చీటీపై ఒక గీత గీసెను. ఈ గీతను శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

మూడవ భాగము! పదునాలుగు, పదునేడు, పదునెనిమిది. నడుమ ఎట్లో ఖంజర్సు ఒక గోలు కొట్టిరి. నూట నాలుగు కిలోలవాడు జారుచు వచ్చి టోర్‌స్టెన్‌తోసహా బిళ్ళను వలలోనికి తీసికొని పోయెను. సాబు తన శాస్త్రము ఋజువైనదని ఎగిరి గంతువేసెను. గంగన్నకు అదేమియు పట్టలేదు. ఆయన కన్నులు గోడమీది గడియారముపై నుండెను. ఒక్క నిమిషము మిగిలియుండగా పందొమ్మిదవది పడెను.

"పందొమ్మిది!" అని హసీనా లేచి నిలుచుండెను. "అన్నా, ఇంగొగటి పడనిస్తే నీ టోపీ గల్లంతే! గట్టిగా నిలబడన్నా!"

ముప్పది క్షణములు. ఇరువది. గంగన్న కడ్డీని ఇంకను బిగించి పట్టెను. టోపీ పోయినచో చెవి పోవును. చెవి పోయినచో పదహారు దగ్గరనే ఆగిపోయిన ఎక్కము ఎన్నటికి పూర్తికాదు. ఆయనకు ఇంతకన్న పెద్ద సంగతి లోకమున లేదు. అంతలో దుబాయి సేనాని మైదానము సగమునుండి వచ్చి, కర్ర ఆకాశమునకెత్తి, తన బలమంతయు కూడగట్టి కొట్టెను. బిళ్ళ గంగన్న మోకాలికి తగిలి పైకెగిరెను. కడ్డీ చేయి జారెను. మన వీరుడు సర్వాంగ సమేతముగా వెల్లకిలబడెను. బిళ్ళ ఆయన వెనుక మంచుపై మెల్లగా వాలి, మెల్లగా దొర్లి, ఎర్రని గీతవైపు, తొందర ఏమియు లేనట్లు, జారజొచ్చెను.

గంగన్న తల త్రిప్పి చూచెను. ఆ క్షణమున ఆయనకు ఆట గుర్తు లేదు, గోలు గుర్తు లేదు, నిజము చెప్పవలెనన్న టోపీ కూడ గుర్తు లేదు. ఆయనకు కనపడినది ఒక్కటే. తాను స్వహస్తములతో చదును చేసిన మంచు, దానిపై నల్లగా ఏదో చెత్త.

చేయి దానంతట అదే పోయెను. గీతకు జానెడు ఇవతల బిళ్ళను తీసెను. అలవాటు చొప్పున ఎద పరుపు సందున దోపి జేబులో వేసికొనెను. రెఫరీ ఈల వేసెను. వెంటనే గడియారము కూసెను.

ఆట ముగిసెను! మస్కట్ ఖంజర్స్ పద్దెనిమిది గోల్సు తేడాతో చిత్తుగా ఓడిపోయినది. అయినను భవనము దద్దరిల్లునట్లు కేకలు వినవచ్చెను. ఆ కేకలు ఓంకారువి. బిళ్ళ కొరకు రెఫరీ గంగన్న జేబు వెదకవలసివచ్చెను.

అయితే సొరుగు ఇంకను తెరువబడలేదు. ఎహసాన్ సాబు చీటీ చేతబట్టి వచ్చి, గీతలు లెక్కించి చూపెను. ఇరువది. "కార్టన్ ఫుల్. అయాం సారీ గంగన్నా."

అప్పుడు హసీనా, పాపను చంకనెత్తుకొని, గిన్నె చేతబట్టి, మెట్లు దిగి వచ్చెను. "ఎట్టెట్టా సాబ్? ఇరవై యాడియి? వల పడినప్పుడు రెఫరీ సాబు గోలు కాదని చెప్పలా? మా పాప దానికి ఎంత ఏడ్సిందో నేను జూడలా? ఇదో, గింజలు లెక్కబెట్టుకో. ఒగటి తగ్గితే నన్నడుగు, ఒగటి ఎక్కువైతే నన్నడుగు." అని గిన్నెను సాబు టేబులుపై బోర్లించెను. ఖర్జూరపు గింజలు పందొమ్మిది, తడితడిగా, సాబు రిజిస్టరు పైననే దొర్లెను.

అర్బాబు వెనుకనే వచ్చి ఏమి గొడవయని అరబ్బీలో అడిగెను. హసీనా అరబ్బీలో మొదటినుండి చెప్పెను, టోపీ, సొరుగు, కార్టన్, కోడి, అన్నియు. అర్బాబు చాల సేపు విని, గింజలను ఒక్కొక్కటే వ్రేలితో జరిపి లెక్కించి, తన కూతురి కడుపు తడిమి చూచి, చివరకు ఒక్క మాట పలికెను: "ఖలాస్."

తాళపుచెవి తిరిగెను. సొరుగు తెరచుకొనెను. అర్బాబు సంతసించి ఇంకేమైన కావలెనా, అడుగుమని హసీనాతో చెప్పించెను. ఓంకారు వెనుకనుండి, "లీవడుగన్నా, లీవడుగు" అని గొణిగెను. గంగన్న టోపీని రెండు చేతుల పట్టుకొని, కుచ్చు సవరించి, "ఇది డ్యూటీల పెట్టుకొననియ్యుమను, చాలు" అనెను. ఓంకారు నెత్తి కొట్టుకొనెను. అర్బాబు తల ఊపెను. ఎహసాన్ సాబు అక్కడికక్కడే కాగితము తీసి, మంచు పనివారికి తలకొక టోపీ అనుమతింపబడినదని వ్రాసి, "టోపీ క్రింద టోపీ తప్ప వేరేమియు ఉండరాదు" అని ఒక వాక్యము చేర్చి సంతకము పెట్టెను. అటుపిమ్మట వాచ్‌మన్‌తోనే పని జరుగునని ఋజువైనది గదా అని అర్బాబుకు వివరించుచు, రాబోవు ఆటకు జట్టులో ఇంకెవరిని తగ్గించవచ్చునో వ్రేళ్ళపై లెక్కించుచు ఆయన వెంట నడచిపోయెను.

సాయంకాలము నాలుగున్నర. వెలుపల ఎండ ఇంకను నిప్పులు చెరుగుచుండెను. పార్కింగు గోడ ప్రక్కన, నలుబదినాలుగు డిగ్రీల వేడిలో, మెడవరకు దిగిన ముదురు గోధుమ రంగు మంకీ టోపీతో, నెత్తిన ఎర్రని కుచ్చుతో, ఒక మనిషి కూర్చుండెను. దారిన పోవువారు కార్లు నెమ్మది చేసి చూచిరి. గంగన్న చేతులు బిళ్ళదెబ్బలకు వాచియుండుటచేత ఫోనును టోపీ లోపలికే, ఎడమ చెవి దగ్గరకే దోపుకొనెను.

"జరం తగ్గిందా?" అనెను గౌరవ్వ.

"తగ్గింది. బిడ్డ నియ్యి."

వాణి రాననెను. తల్లి బుజ్జగించెను. చివరకు ఫోను దగ్గరకు వచ్చి, చెప్తే ఇంటవా అనెను. ఇంట అనెను నాయన. రెండొకట్లు రెండు. రెండ్రెళ్ళు నాలుగు. గంగన్న ఫోనును చెవికి ఇంకను అదిమెను. రెండెనిమిదులు పదహారు. ఆపైన కూడ వినిపించెను. రెండు తొమ్మిదులు పద్దెనిమిది.

శ్రోతలారా, జయము జయము! పందొమ్మిది గోల్సు పోగొట్టి ఒక్క టోపీ గెలిచిన వీరుడు ఇడుగో! దుబాయి సేన మొత్తము పడి కొట్టినను చేరనేరని ఆ సంఖ్యను, జగిత్యాల దిక్కునుండి ఏడేండ్ల పిల్ల ఒక్క గుక్కలో ఆయన చెవిలో వేసినది.

"రెండు పదులు ఇరువై. ఇనవడ్డదా నాయినా?"

"ఇనవడ్డది బిడ్డా," అనెను గంగన్న. "మంచిగ ఇనవడ్డది."